తూకమ్మ రేకులు

మూడో చుక్క జారకుండా సీసా మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, కందెన బాబాయ్ చెక్కపక్షి రెక్క కీలులోకి ఒంగి చూశాడు. రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుంది, తక్కువైతే కీచుమంటుంది. పిడి అరచుట్టు తిప్పాడు. పక్షి రెక్కలు విప్పి, మెడ వంచి, ముక్కుతో తన ఛాతీని తనే పొడుచుకుని మళ్లీ నిటారుగా నిలబడింది. డెబ్బై ఏళ్లుగా అదే పని చేస్తోంది. నీకన్నా నేనే నయం, ఎవరు తిప్పినా తిరగను అనుకుంటూ ఆయన పిడిని గుడ్డతో తుడిచి పక్క బొమ్మ దగ్గరికి జరిగాడు.

కదిలే శిల్పాల మ్యూజియం తలుపులు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది. ఈ రెండు గంటలూ ఆయనవి. పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. యాభై ఏళ్లు ఒకే చేత్తో లేతు మరను ఆనుకుని నిలబడితే భుజం కూడా ఒక పక్షానికి మొగ్గుతుంది. కళ్లద్దాల కాలు ఒకటి విరిగితే నల్లదారంతో కట్టుకున్నాడు. అరచేతి గీతల్లో కందెన ఇంకిపోయి ఎవరైనా చెయ్యి చూసి జాతకం చెప్పాలంటే ముందు కిరసనాయిలుతో కడుక్కు రావాలి. ఎడమ బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా, మందంగా, కొసన కత్తిలా ఉంటుంది. దాన్నెప్పుడూ కత్తిరించడు.

శిల్పం కదలకుండా కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. మొదట్లో ఎవరో దానికి పిడి తగిలించారు. చూడొచ్చినవాడు తిప్పితే అది తిరిగేది, వాడు వెళ్లిపోతే ఆగేది. తర్వాత ఎవరికో చెయ్యి నొప్పెట్టి స్ప్రింగు పెట్టారు. స్ప్రింగుకి ఓపిక చాలదని మోటారు పెట్టారు. మోటారు మోత భరించలేక అయస్కాంతాలన్నారు, నీళ్లన్నారు, అవీ విసుగెత్తాక శిల్పాన్ని గాలికి వదిలేశారు. దీన్నే గైడు అమ్మాయి నాలుగు గదుల్లో నలభై నిమిషాలు చెబుతుంది. కందెన బాబాయ్‌కి మాత్రం ఈ చరిత్రంతా జబ్బుల చరిత్రే. మొదటి గదికి కీళ్లనొప్పులు. రెండో గదికి జ్వరం. మోటార్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. మూడో గదికి తుప్పు. నాలుగో గదికి ఒకటే ఒక తప్పు.

ఆ నాలుగో గదిలోకి వెళ్లడానికి ఆయన ఇవాళ ఆలస్యం చేస్తున్నాడు. మామూలుగా రెండు చుక్కలు వేసే చోట ఆగి, చూసి, వేసిన నూనెను మళ్లీ తుడిచాడు. అయస్కాంతాల గుండ్లను లెక్కపెట్టాడు, అవి ఎక్కడికీ పోవని తెలిసినా.

"బావా, టీ."

గుమ్మంలో రెండు గ్లాసులతో బావమరిది నిలబడి ఉన్నాడు. మ్యూజియం వాచ్‌మన్. కుర్చీలో కూర్చున్న రెండో నిమిషానికి తల వాలిపోతుంది కాబట్టి అందరూ నిద్రగన్నేరు అంటారు.

"లేచావా?"

"నేను పడుకున్నదెప్పుడు? కళ్లు మూసుకుని కాపలా కాస్తున్నా. దొంగకి అనుమానం రాకుండా."

"గురక ఎందుకు మరి?"

"అది సైరను."

ఇద్దరూ మూడో గది మెట్టు మీద కూర్చున్నారు. నిద్రగన్నేరు టీ ఊదుకుంటూ బావ మొహం చూశాడు, తర్వాత గ్లాసులోకి చూశాడు.

"గాలిదొర పదకొండింటికి వస్తాడట, తన శిల్పం కట్టడానికి."

"రానీ."

"నువ్వు తిడితే నాకు భయం లేదు బావా. రానీ అన్నావు చూడు, అక్కడే భయం."

కందెన బాబాయ్ టీ అడుగు వరకూ తాగి, గ్లాసు బోర్లించి, ఇత్తడి తోమే పొడి డబ్బా తీసుకుని లేచాడు.

నాలుగో గదికి కొత్త కప్పు వేశారు. ఎత్తైన కిటికీలు పెట్టారు, గాలి లోపలికి వచ్చి బయటికి పోయేలా. గది మధ్యలో పైనుంచి ఒక గిలక, దానికి తాడు, తాడుకి ఒక ఖాళీ కొక్కెం. దాని కింద ఆకుపచ్చ గుడ్డ పరిచిన పొడవాటి బల్ల. గుడ్డ మీద ఇరవై రెండు ఉక్కు కమ్మీలు, ఇరవై మూడు తగరపు రేకులు. అరచేతంత రేకు నుంచి తామరాకంత రేకు దాకా, అన్నీ ఎండు ఆకుల్లా ముడుచుకుని పడి ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు గాలిలో ఈదిన వస్తువు మూడు వారాలుగా బల్లమీద పాత సామానులా ఉంది. కప్పు వేసేటప్పుడు దాన్ని విప్పింది కందెన బాబాయే.

ఆయన బల్లవైపు చూడకుండా గోడ దగ్గరికి వెళ్లాడు. గోడకి ఇత్తడి పలక. దానిమీద శిల్పి సొంత పుస్తకంలోంచి ఎత్తి చెక్కించిన మూడు వాక్యాలు:

"ఆ రోజుల్లో నా వర్క్‌షాపు ఊడ్చే ఒక స్త్రీ ఉండేది. ఆమె చీపురు గాలికి ఒక తగరపు రేకు వణకడం చూశాను. ఆ వణుకే ఈ శిల్పం."

పొడి చల్లి, గుడ్డ తడిపి, తోమడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం తోముతున్నాడు. మ్యూజియంలో ఇన్ని పలకలుంటే ఇదొక్కటే అద్దంలా మెరుస్తుందని డైరెక్టరమ్మ చాలాసార్లు మెచ్చుకుంది. పగలు రాత్రి అని లేకుండా పగ పట్టినవాడు తోమితే ఇత్తడికి ఆ నిగారింపు వస్తుందని ఆవిడకి తెలియదు. 'ఊడ్చే' అన్న మాట మీద మరి కాస్త ఎక్కువ తోముతాడు. చెరిగిపోతుందేమోనని ఆశ. చెక్కినవాడు లోతుగా చెక్కాడు.

ఆ స్త్రీ వర్క్‌షాపు ఎప్పుడూ ఊడ్వలేదు. ఊడ్వకపోగా ఊడ్చేవాళ్లని లోపలికి రానిచ్చేది కాదు, రేకుల పొడి పోతుందని. ఆవిడ కందెన బాబాయ్ భార్య. పాత ఇనప సామాను కొట్లో పుట్టి పెరిగింది. త్రాసు విరిగిపోయిన రోజుల్లో తండ్రి ఆమె చేతిలో ఇత్తడి ముక్క పెట్టి ఎంతుంటుందే అని అడిగేవాడు. చెప్పింది ఎప్పుడూ పొల్లుపోలేదు. అక్కడినుంచే ఆమె తూకమ్మ అయ్యింది. పెళ్లిచూపులప్పుడు కూడా పెళ్లికొడుకుని కిందినుంచి పైకి చూసి "కుడిపక్క కాస్త ఎక్కువుంది" అందట. లేతు భుజాన్ని అంత మర్యాదగా వర్ణించిన మనిషి ఆయనకి మళ్లీ దొరకలేదు.

శిల్పి అప్పట్లో ఇంకా గాలిదొర కాలేదు. పొడవాటి జుట్టు, పొడవాటి మాట, చేతిలో కాగితాల చుట్ట. రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డు వెనక ఒక వర్క్‌షాపు అద్దెకి తీసుకుని, కందెన బాబాయ్‌ని లేతు పనికి పెట్టుకున్నాడు. అతని బొమ్మలో అన్నీ సమానం. కమ్మీకి ఈ చివర ఎంత రేకో ఆ చివరా అంతే. రెండు నెలలు కష్టపడి కట్టి పైకెత్తితే అది సభలో కూర్చున్న పెద్దమనిషిలా కదలకుండా ఉండిపోయింది. ఫ్యాను పెట్టారు. వణికింది, తిరగలేదు. శిల్పి జుట్టు పీక్కుని బయటికి పోయాడు.

మొగుడికి అన్నం తెచ్చిన తూకమ్మ డబ్బా కింద పెట్టి, తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"రెండువైపులా సమానంగా ఉంటే ఎందుకు కదుల్తుంది?" అంది. "ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలి. అప్పుడేగా ఒకదానికోసం ఒకటి జరిగేది."

అలా అని మొగుడివైపు చూసి నవ్వింది, ఆయన భుజం వైపు.

ఆ తర్వాత ఏడు నెలలు ఆవిడ ఆ షెడ్డులోనే ఉంది. రేకు కత్తిరించేది, చూపుడువేలి కొసన నిలబెట్టేది, కళ్లు మూసుకునేది. వేలు ఎటు ఒరిగితే అటువైపు ఆకురాయితో ఒక్క రాపు రాసేది. ఆకురాయికి ఆ పేరు తనకోసమే పెట్టారని ఆమె నమ్మకం. ఆకుని రాసేది కాబట్టి ఆకురాయి. తూకం కుదిరిన ప్రతి రేకు అంచునా, దాని కమ్మీ కొసనా ఒకే లెక్కన సన్నటి గాట్లు పెట్టేది. ఒకటికి పైపైన ఒక గాటు, అయిదుకి ఒక లోతు గాటు. కంటికి కనపడవు, గోటికే తెలుస్తాయి. గాటు లేని రేకు ఒకటే, అది అన్నిటికన్నా అడుగున ఉండే చిన్న రేకు. కట్టడం అక్కడినుంచే. ముందు అడుగు కమ్మీని తూకానికి తేవాలి, దాన్ని తీసుకెళ్లి పైకమ్మీ కొసకి తగిలించాలి, ఆ రెంటి బరువుకీ సరిపోయే రేకు అవతలి కొసన. కింద కుదరకుండా పైన కుదరదు. ఇల్లు కట్టేవాడికీ పిల్లల్ని పెంచేవాడికీ తెలిసిన సంగతే, ఒక్క శిల్పికి తప్ప. అతను ఆ ఏడు నెలలూ ఊళ్లు తిరుగుతూ రాబోయే శిల్పం మీద ఉపన్యాసాలిచ్చాడు. బరువు తూచింది ఆవిడ, పరువు మోసింది ఆయన.

మొదటిసారి దాన్ని పైకెత్తినప్పుడు షెడ్డులో గాలి లేదు. ఎవరో తలుపు తీసినందుకు అది తిరిగింది. తూకమ్మ ఊపిరి బిగబట్టింది, వదిలింది, ఆ ఊపిరికీ తిరిగింది.

అది పేరు మోసింది, శిల్పి చేత మోయించింది. మ్యూజియం కొనుక్కుంది. ఎవరు తుడిచినా చిక్కుపడుతోందని కందెన బాబాయ్‌ని కూడా దాంతోపాటు తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం తూకమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుని చూసిపోయేది. శిల్పి ఎప్పుడూ ఆవిడ మాట ఎత్తలేదు. దానికి ఆవిడకి కోపం లేదు. ఎత్తకపోతే ఎత్తకపోయాడు, నా రేకులు తిరుగుతున్నాయిగా అనేది.

పదకొండేళ్ల కిందట అతను మాట ఎత్తాడు, పుస్తకంలో. తూకమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"చీపురా," అంది.

ఆ మర్నాటినుంచి ఇంట్లో చీపురు ముట్టుకోలేదు. ఏడ్చి ఉంటే కందెన బాబాయ్ ఓదార్చి ఊరుకునేవాడు, తిట్టి ఉంటే వంత పాడేవాడు. ఆవిడ ఆకురాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది, మ్యూజియానికి రావడం మానేసింది, ఇల్లు ఊడ్వడం మానేసింది. నాలుగేళ్లు ఇల్లు ఆయనే ఊడ్చాడు. వంగి ఊడ్చిన ప్రతిసారీ లోపల పగ ఇంకాస్త పోగయ్యేది. నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ పడుకుని లేవలేదు. ఆ రోజు కూడా ఇల్లు ఆయనే ఊడ్చాడు, వచ్చేవాళ్లు వస్తారు కదా అని.

అప్పటినుంచి ఏడేళ్లు. వింత ఏమిటంటే, ఆ ఏడేళ్లూ పొద్దున్నే వచ్చి శత్రువు కీర్తికి రెండు చుక్కలు నూనె వేసి తిప్పింది తనే. వెయ్యకపోతే ఆగిపోయేది ఆయన కీర్తి, వేస్తే తిరిగేవి ఆవిడ రేకులు. ఈ రెంటినీ విడదియ్యడం ఏ మరమనిషికీ చేతకాదు, ఈ మరల మనిషికి అసలే చేతకాలేదు.

అయితే అవకాశాలు అడగని చోట వస్తాయి. కొత్త కప్పు వేశాక శిల్పి డైరెక్టరమ్మకి ఉత్తరం రాశాడు: పత్రికల సమక్షంలో నా చేతులతో నేనే తిరిగి కడతాను, నేనే ప్రాణం పోస్తాను. డైరెక్టరమ్మ పొంగిపోయి కందెన బాబాయ్‌ని పిలిచింది.

"విప్పినప్పుడు నంబర్లు అంటించారా?"

"గుర్తులున్నాయమ్మా."

అబద్ధం కాదు. నిజాన్ని ఎంత కావాలో అంతే చెప్పడం కూడా తూకమే.

అంతే పథకం. పాడు చెయ్యక్కర్లేదు, దాచక్కర్లేదు, విరగ్గొట్టక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా పక్కన నిలబడితే చాలు. గాలిదొర పైనుంచి మొదలుపెడతాడు. పెట్టక తప్పదు, కట్టినప్పుడు లేడు కాబట్టి.

పలక తోమడం అయింది. నిద్రగన్నేరు గిలక తాడు సరిచేస్తూ చిన్నగా అన్నాడు.

"అతను కట్టలేకపోతే ఏమవుతుందో ఆలోచించావా?"

"నవ్వుతారు."

"ఆ తర్వాత? పెట్టెలో సర్ది అడుగు గదిలో పడేస్తారు. ఆ బల్లమీద పడుకున్నది అతని పరువు కాదు బావా, మా అక్క."

"పడెయ్యనీ."

"నువ్వు కడతావుగా, అతను ఓడిపోయాక?"

"నేనెందుకు కడతాను? నేను కడితే మళ్లీ ఆయన పేరే తిరుగుతుంది."

నిద్రగన్నేరు తాడు వదిలేశాడు. నిద్రమొహం మీద నిద్ర లేదు.

"అయితే అక్క మీద కూడా తీర్చుకుంటున్నావన్నమాట," అని గుమ్మం దగ్గరికి వెళ్లిపోయాడు.

కందెన బాబాయ్ బల్ల దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే చిన్న రేకు మీదికి పోయింది. గోరు అంచు వెంబడి నడిచింది. గాటు లేదు. నున్నగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ ఎటైనా పోతుందేమోనని.

పదకొండు కొట్టేసరికి హాలు నిండింది. కెమెరాలు, కుర్చీలు, చొక్కాలకి అంటించిన చీటీలు. గాలిదొర వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు తల మీదున్న జుట్టంతా ఇప్పుడు గడ్డానికి దిగింది. మెడలో సన్నటి కండువా. నడిస్తే ఎగరడానికే వేసుకున్నట్టుంది. కాలరుకి చిన్న మైకు తగిలించారు. ఎదురుగా నిలబడ్డ కందెన బాబాయ్‌ని చూసి "ఏమయ్యా, ఇంకా ఉన్నావా" అన్నాడు. ఉద్యోగంలోనా, భూమ్మీదా అన్నది చెప్పలేదు.

"ఉన్నానండీ. ఇవాళ్టికి."

గాలిదొర చలనం గురించి మాట్లాడాడు. రాయి నిద్ర అన్నాడు, గాలి మెలకువ అన్నాడు. సంచలనం అన్నాడు. గుమ్మం దగ్గర నిద్రగన్నేరు ఈసారి నిద్రపోలేదు. తర్వాత గాలిదొర చొక్కా చేతులు పైకి మడిచి, బల్లమీద ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగు కమ్మీ తీసుకుని గిలక కొక్కేనికి తగిలించాడు. చప్పట్లు.

ఒక కొసకి తామరాకంత రేకు తగిలించి చెయ్యి వదిలాడు. కమ్మీ నిట్టనిలువుగా ఒరిగింది. రేకు కొసనుంచి జారి నేలమీద ఖంగుమంది.

"నిద్రలేవగానే ఒళ్లు విరుచుకుంటోంది," అన్నాడు గాలిదొర. జనం నవ్వారు.

రెండోసారి అవతలి కొసకి ఇంకో రేకు తగిలించి చూశాడు. అటు ఒరిగింది. చిన్నది మార్చాడు, ఇటు ఒరిగింది. మూడు రేకులు నేలమీద. నాలుగోది పట్టుకోబోతే అంచు బొటనవేలికి తగిలి గీరుకుంది. ఈసారి నవ్విన వాళ్లు ఇద్దరే, వాళ్లూ మధ్యలో ఆపేశారు. డైరెక్టరమ్మ నీళ్లసీసా పట్టుకుని నిలబడింది, ఎవరికివ్వాలో తెలియక.

కందెన బాబాయ్ నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముసలి చేతులు వణకడం చూశాడు. తనలో ఎక్కడైనా జాలి ఉందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. ఆ వణుకే ఈ శిల్పం అనుకున్నాడు, అక్షరం పొల్లుపోకుండా.

"కాస్త పట్టుకోవయ్యా."

"ఎక్కడ పట్టుకోమంటారు?"

"ఎక్కడో ఒకచోట."

"మీరు చెప్పండి. మీరు కట్టిందేగా."

గాలిదొర మొహం ఎర్రబడింది. "గుర్తులు చెరిపేశావా?"

"గుర్తులు అంచునున్నాయండీ. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే ఉన్నాయి."

గాలిదొర ఒక రేకు తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, తిప్పాడు. బొటనవేలి నెత్తురు రేకుకి అంటుకుంది తప్ప గుర్తు కనపడలేదు. అప్పుడు జనం వైపు వీపు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కందెన బాబాయ్ చెవి దగ్గరికి ఒంగి మెల్లిగా అడిగాడు.

"మీ ఆవిడ ఎటునుంచి కట్టేదయ్యా? పైనుంచా, కిందినుంచా?"

చెయ్యి నోటికే అడ్డం ఉంది. మైకు కాలరు మీద ఉంది. ఆ ప్రశ్న నాలుగు మూలలున్న నాలుగు స్పీకర్లలోంచి నాలుగుసార్లు వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన బతికిపోయేవాడు. ముందువరసలో ఒకతను కెమెరా దించి గోడవైపు తిరిగి, తళతళలాడుతున్న ఇత్తడి పలకని చదవడం మొదలుపెట్టాడు. ఒకరిని చూసి ఒకరు అందరూ అటు తిరిగారు. మూడే వాక్యాలు, దూరంనుంచి కూడా బాగా కనిపిస్తాయి. పదకొండేళ్లు తోమింది ఊరికే పోలేదు.

కందెన బాబాయ్ ఆ కాలరు దగ్గరికే ఒంగి జవాబు చెప్పాడు.

"ఆవిడ ఊడ్చేదండీ. మీరే రాశారు."

గాలిదొర కాలరు మైకుని అరచేత్తో మూశాడు, ఆలస్యంగా.

ఇక వెళ్లిపోవడమే మిగిలింది. పథకం ప్రకారం ఇక్కడ వెనక్కి తిరిగి నడవాలి. కందెన బాబాయ్ తిరిగాడు కూడా. నేలమీద నాలుగు రేకులు బోర్లా పడి ఉన్నాయి. ఒకదాని కొస మడత పడింది. అది పదిహేడో రేకు. మూడు లోతు గాట్లు, రెండు పైగాట్లు. దానికోసం ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన మోకాలి మీద వంగి దాన్ని తీసుకున్నాడు. బొటనవేళ్ల మధ్య పెట్టి మడత సాపు చేశాడు. వంగినవాడు లేచేసరికి బల్లవైపు తిరిగి ఉన్నాడు.

"తాడు పట్టుకోరా," అన్నాడు.

గుమ్మం దగ్గరి మనిషి అప్పటికే తాడు దగ్గరున్నాడు.

"కిందినుంచి," అన్నాడు కందెన బాబాయ్, ఎవరితోనూ కాదు, కట్టడం మొదలుపెట్టేవాడు ముందుగా అనుకోవలసిన మాట కాబట్టి. ఎడమచేతి గోటిని రేకుల అంచుల మీద నడిపించాడు. గాటు లేనిది దొరికింది. ఒక గాటుది దొరికింది. పొట్టి కమ్మీకి చెరోవైపు తగిలించి కొక్కేనికి వేలాడదీశాడు. అది ఒకసారి తల ఊపి నిలకడైంది. "ఎత్తు." మూరెడు లేచింది. దాన్ని తప్పించి పైకమ్మీ కొసకి తగిలించాడు, అవతల రెండు గాట్ల రేకు, కమ్మీని మళ్లీ కొక్కేనికి. "ఎత్తు." రెండూ కుదుటపడ్డాయి. ఆయన కళ్లు మూసుకునే కడుతున్నాడు. గాటు గాటుకీ గోరు ఆగుతోంది. ఇక్కడ చలికాలం, ఆకురాయి చల్లగా ఉందని కొంగులో పెట్టుకునేది. ఇక్కడ గాటు వంకర, తుమ్మింది. ఇక్కడ లోతుగా దిగింది, ఆ రోజు ఎవరిమీదో కోపం, మొగుడిమీదే. ఏడేళ్లలో ఆవిడ ఇంతసేపు మాట్లాడలేదు.

గంటంబావు పట్టింది. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. గాలిదొర లేచాడు కానీ ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఇరవై రెండో కమ్మీ ఎక్కాక నిద్రగన్నేరు తాడు లాగి ముడేశాడు. కిటికీలోంచి ఏం వచ్చిందో ఏమో, అన్నిటికన్నా కింద ఉన్న చిన్న రేకు పక్కకి తిరిగింది. దానికోసం పక్కది జరిగింది. దానికోసం పైది. తామరాకంత రేకు దాకా ఆ సంగతి ఒకరినుంచి ఒకరికి చేరి, మొత్తం మెల్లగా, చప్పుడు లేకుండా తిరగడం మొదలైంది. నేలమీద నీడలు జనం కాళ్లమీదుగా నడిచి వెళ్లాయి.

అప్పుడు గాలిదొర గొంతు సవరించుకున్నాడు. ఓడిపోయినవాడికి కూడా చివరి మాట మీద ఆశ ఉంటుంది. జేబులోంచి మఖమల్ సంచీ తీసి, అందులోంచి బంగారు నీరు పట్టించిన కొత్త రేకు బయటికి తీశాడు. దానిమీద వంపులు తిరిగిన సంతకం.

"ఇది ఆఖరి రేకు. దీంతో సంపూర్ణమవుతుంది."

కందెన బాబాయ్ దాన్ని అందుకున్నాడు. చూపుడువేలి కొసన నిలబెట్టి కళ్లు మూసుకున్నాడు. హాలంతా ఆ వేలివైపు చూసింది.

"దీనికి చోటు లేదండీ," అన్నాడు. "ఎక్కడ తగిలించినా ఆగిపోతుంది."

దాన్ని ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టేసి చేతులు తుడుచుకున్నాడు.

డైరెక్టరమ్మ వసారాలో ఆయన్ని అందుకుంది. పరిగెత్తుకు వచ్చినట్టుంది, మాట ఎగశ్వాసలో ఉంది.

"రేపే ఆ పలక తీయించేస్తాను. ఏం రాయాలో మీరు చెప్పాలి. పొద్దున్నే నా గదికి రండి."

"మా బావమరిది చెబుతాడమ్మా. వాడి అక్కేగా. రేపటినుంచి నేను రాను."

"రారా? మరి దీన్ని ఎవరు చూసుకుంటారు? నెలకోసారి దుమ్ము దులపాలి, ఎప్పుడైనా విప్పితే మళ్లీ కట్టాలి..."

"ఆయనున్నారుగా," అన్నాడు కందెన బాబాయ్, హాలువైపు గడ్డంతో చూపించి.

ఆవిడ నవ్వాలో వద్దో తేల్చుకునేలోపు ఆయన మెట్లు దిగాడు. కిందమెట్టు దగ్గర నిద్రగన్నేరు ఎదురొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేక అని చెప్పుకోవడానికి అతనికి వీలున్న ఏకైక రోజు.

"గాట్ల లెక్క నీకు తెలుసుగా," అన్నాడు కందెన బాబాయ్.

"చిన్నప్పుడు అక్క గోరు పట్టుకుని నేర్పింది."

"ఎవరైనా అడిగితే ముందు అక్క సంగతి చెప్పు. మొత్తం విన్నాకే లెక్క చెప్పు. మధ్యలో లేచిపోతే చెప్పకు."

"గాలిదొర అడిగితే?"

"ఆయనకి రెండుసార్లు చెప్పు. నిలబెట్టి."

"ఇంటికి వెళ్లి ఏం చేస్తావు బావా?"

ఆయన కుడిభుజం మామూలుకన్నా ఇంకాస్త కిందికి జారి ఉంది.

"పడుకుంటా. ఇవాళ ఊడ్వను," అని వీధిలోకి నడిచాడు. మలుపు దాకా కనిపించాడు, తర్వాత కనిపించలేదు.

హాలు ఖాళీ అయింది. గాలిదొర కారు ఎప్పుడు వెళ్లిందో ఎవరూ గమనించలేదు. సాయంత్రం కుర్చీలు మడిచి పేర్చారు, మైకులు పెట్టెలో పెట్టారు. పైన ఇరవై మూడు రేకులు కిటికీలో ఉన్న కాస్త గాలినీ పంచుకుంటూ తిరుగుతున్నాయి. కింద బల్ల గుడ్డ తీయబోయి పనివాళ్లు ఆగిపోయారు. దానిమీద సంతకం పైకి కనిపిస్తూ ఒక బంగారు రేకు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు.